కొత్తగా అభిషిక్తులైన గురువు మా విచారణకు వస్తున్నారు: దండలు వేసిన తరువాత మేము ఏం చేయాలి?

విచారణ_కార్యదర్శి
మాది చిత్తూరుకు దగ్గరలో ఉన్న ఒక చిన్న కతోలిక విచారణ, అంటే ఒక గుడి కింద ఉండే విశ్వాసుల సమాజం. పెద్ద గుడి ఒకటి, దాని కింద ఆరు సబ్‌స్టేషన్ ఊళ్లు (గురువు వెళ్లి పూజ చెప్పివచ్చే ఊళ్లు) ఉన్నాయి. ఈ వేసవిలో గురుపట్టాభిషేకం పొందిన ఒక యువ గురువును (ఫాదర్‌ను) మా విచారణ గురువులకు సహాయంగా మేత్రాసనం, అంటే బిషప్ గారి కార్యాలయం పంపుతోంది. పోయిన ఆదివారం పూజ అయ్యాక విచారణ సంఘం కూర్చుని రెండు గంటలసేపు మాట్లాడుకుంది. ఎన్ని ఫ్లెక్సీలు కట్టాలి, తప్పెట్లు ఎక్కడినుండి పిలిపించాలి, గజమాల ఎంత పొడవు ఉండాలి, బిర్యానీయా సాంబారన్నమా అనే వాటి మీదే ఆ రెండు గంటలూ గడిచిపోయాయి. ఆయన ఏ గదిలో ఉంటారు, ఆయనకు అన్నం ఎవరు వండుతారు అని ఒక్కరూ అడగలేదు.

నేను ఇది ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. మూడేళ్ల క్రితం కూడా మాకు ఒక నవ గురువు వచ్చారు. మెయిన్ రోడ్డు నుండి గుడి వరకు ట్రాక్టరు మీద ఊరేగించి తెచ్చాము. ఎనిమిది నెలలకు ఆయనకు కామెర్లు వచ్చి ఇంటికి వెళ్లిపోయారు, మళ్లీ మా దగ్గరకు రాలేదు. ఆదివారం రెండు సబ్‌స్టేషన్లలో పూజ ముగించుకుని మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చేసరికి వంటామె వెళ్లిపోయి ఉండేదని, పొద్దుటి చల్లారిన అన్నమే ఆయన తినేవారని తరువాత తెలిసింది. అప్పుడు కూడా కార్యదర్శిని నేనే. ఒక్కసారి వెళ్లి వంటగది తలుపు తీసి చూసి ఉంటే తెలిసేది. ఈసారి అలా జరగకూడదు. మొదటి ఏడాది ఒక యువ గురువుకు నిజంగా ఏమి అవసరమో, మీ మీ విచారణల అనుభవం నుండి చెప్పండి.

మామిడిమండి_దామలచెరువు
మీ బాధ అర్థమైంది, కానీ పండుగను తగ్గించమని మాత్రం ఎవరూ సలహా ఇవ్వకండి. మా ఊరిలో మామిడికాయలు కోసే కూలీలు తలా యాభై రూపాయలు వేసుకుని నవ గురువుకు పూజా వస్త్రం కొన్నారు. ఆయన తండ్రి కూడా ఒకప్పుడు తోటల్లో కాపలా ఉన్నవాడే. తమవంటి ఇంటి బిడ్డ పీఠం ముందు నిలబడితే చూసి తప్పెట కొట్టే హక్కు వాళ్లకు ఉంది. నవ గురువు బహిరంగంగా అర్పించే మొదటి పూజలో భక్తితో పాల్గొనేవారికి, మామూలు షరతులతో, సంపూర్ణ పాపశిక్షా విమోచనాన్ని (క్షమించబడిన పాపాలకు ఇంకా మిగిలిన శిక్ష రద్దును) కతోలిక శ్రీసభ అనుగ్రహిస్తుంది. శ్రీసభే అంత గొప్పగా చూసే రోజును మనం చిన్నది చేయకూడదు.

రేణిగుంట_గార్డు
పైన మామిడిమండి గారు చెప్పిన తప్పెట్లకు నా అభ్యంతరం లేదు, ఫ్లెక్సీలకు ఉంది. మా విచారణలో పన్నెండు ఫ్లెక్సీలు కట్టాము. వాటిలో గురువు ముఖం కన్నా కట్టించినవారి ముఖాలే పెద్దవి. అదే వారం ఆయన గదిలోకి మంచం మోసుకుని వెళితే పైన ఫ్యాను లేదు. రేణిగుంట ఎండలు తెలిసినవారికి దీని అర్థం వివరించనక్కర్లేదు. రైల్వే కాలనీ యువకులు ఇద్దరు ఆ సాయంత్రమే ఫ్యాను తెచ్చి బిగించారు. వాళ్ల పేర్లు ఏ ఫ్లెక్సీ మీదా లేవు.

గురువుగారి_అమ్మ
మా పెద్దబ్బాయి గురువై నాలుగేళ్లయింది. అభిషేకం రోజు పునీతుల ప్రార్థనమాలిక పాడుతుండగా వాడు నేల మీద బోర్లా సాగిలపడి ఉంటే, ఇరవై ఆరేళ్లు పెంచిన బిడ్డను అక్కడ వదిలిపెట్టి వస్తున్నానని ఒక్క క్షణం అనిపించింది. ఆ తరువాత తైలం పూసిన అరచేతులకు చుట్టిన గుడ్డను వాడు నా చేతిలో పెట్టాడు. దాన్ని బీరువాలో భద్రంగా దాచుకున్నాను, నా శవపేటికలో పెట్టమని చెప్పి ఉంచాను.

మొదటి వారంలో వాడు ఫోను చేసి చెప్పిన మాట ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. విచారణలో ముగ్గురు పెద్దమనుషులు వేరువేరుగా వచ్చి, "ఫాదర్, మీ ఇంటిపేరేమిటి?" అని అడిగారట. ఇంటిపేరు ఎందుకు అడుగుతారో తెలుగువాళ్లకు చెప్పనవసరం లేదు. అది తెలిసిన మరుసటి ఆదివారం నుండి ఒక వీధివారు వాడిని భోజనానికి పిలవడం మానేశారు. ఫ్యాను లేకపోతే తెచ్చి బిగించవచ్చు, కానీ దీనికి ఏమి చేయాలో నాకు తెలియదు. కార్యదర్శి గారూ, మీ సంఘంలో ముందుగా ఈ ఒక్క ప్రశ్న ఎవరూ అడగకుండా చూడగలరా?

పీలేరు_ఉపదేశి
అమ్మగారూ, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ముప్పై ఏళ్లుగా ఉపదేశిగా (ఊళ్లో ప్రార్థనలు నడిపి, వేదపాఠం చెప్పే పనిలో) ఉన్నాను. ఆ ప్రశ్న నా చెవులతోనే చాలాసార్లు విన్నాను, మౌనంగా ఉండిపోయాను కూడా. హైదరాబాదు అగ్రపీఠాధిపతులు (ఆర్చ్‌బిషప్) పూల ఆంథోనీ గారు 1992లో మన కడప మేత్రాసనానికే గురువుగా అభిషిక్తులయ్యారు. మొదటి ఏడాది అమగంపల్లిలో సహాయ గురువుగా పనిచేశారు. 2008లో కర్నూలు పీఠాధిపతి అయ్యారు, 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్ ఆయనే, దళిత కుటుంబాల నుండి ఆ స్థానానికి చేరిన మొదటివారూ ఆయనే. ఈ రోజు ఆయనతో ఫొటో దిగడానికి మనమందరం ముందుకు తోసుకుంటాము. మన ఊరికి వచ్చే ఇరవై ఆరేళ్ల సహాయ గురువు ముందు మాత్రం ఇంటిపేరు తూకం వేస్తాము.

మేము చేసిన చిన్న పని ఒకటి చెబుతాను. నవ గురువు వచ్చిన మొదటి నెలలో ఆయనను వరుసగా అన్ని వీధులకు, అన్ని ఇళ్లకు నేనే తీసుకువెళ్లాను. ఏ ఇల్లూ ఏరుకోలేదు, ఏ ఇల్లూ వదలలేదు. ఒక నోటు పుస్తకంలో ఎవరింట్లో మంచాన పడినవారు ఉన్నారు, ఎవరి పెళ్లి గుడిలో జరగలేదు, ఎవరు అలిగి రావడం మానేశారు అని ఆయనే రాసుకున్నారు. ఎవరు పిలిచినా పిలవకపోయినా ప్రతి ఇంటి గడపా ఆయన తొక్కి ఉన్నారు కాబట్టి, "మా ఇంటికి రాలేదు" అనే మాట గాని, "ఆయన వాళ్లవాడు" అనే మాట గాని పుట్టలేదు.

కుప్పం_సగాయం
మా వైపు సమస్య ఇంకొకటి, అది భాష. కుప్పంలో బడిలో తెలుగు, ఇంట్లో తమిళం, సంతలో కన్నడం కూడా వినిపిస్తాయి. కడప వైపు నుండి వచ్చిన నవ గురువుకు పూజ తెలుగులో చెప్పడం వరకు ఇబ్బంది లేదు. ముసలమ్మలు పాపసంకీర్తనానికి (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) మోకరించి తమిళంలో మొదలుపెట్టేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. రెండో నెల నుండి మరియదళం అనే ప్రార్థన సంఘంలోని ఇద్దరు ఆడవాళ్లు రోజూ సాయంత్రం జపమాల తమిళంలో చెప్పిస్తూ ఆయనకు భాష నేర్పారు. ఏడాది తిరిగేసరికి తమిళంలో చిన్న ప్రసంగం చేశారు. తప్పులు దొర్లాయి, కానీ ఆ రోజు వెనక వరసలో ఏడవని ముసలివాళ్లు లేరు. నగరి, సత్యవేడు వైపు వెళ్లే గురువులకూ ఇదే అవసరం ఉంటుంది.

పుంగనూరు_చరిత్ర
సగాయం గారి మాటకు ఒక అనుబంధం. 18వ శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్విట్ (యేసు సభ) గురువులు కర్నాటిక్ మిషను పనిమీద మా పుంగనూరుకు వచ్చారు. వాళ్లు కూడా ముందు ఇక్కడివారి భాష ఇక్కడివారి నోటి నుండే నేర్చుకోవలసి వచ్చింది. గురువుకు భాష నేర్పడం మన నేల మీద మూడు వందల ఏళ్ల పాత సేవ.

చట్టం_చదివిన_లాయరు
గది, అన్నం, సెలవు అనేవి దయతో ఇచ్చేవి అని కొందరు అనుకుంటారు. 1983 నాటి శ్రీసభ చట్టంలో సహాయ గురువుల గురించి 545 నుండి 552 వరకు నిబంధనలు ఉన్నాయి. 550వ నిబంధన ప్రకారం సహాయ గురువు విచారణలోనే నివసించాలి. విచారణ గురువు, సహాయ గురువు ఒకే ఇంట్లో కలిసి జీవించే పద్ధతిని వీలైన చోటల్లా ప్రోత్సహించాలని కూడా అందులోనే ఉంది. సెలవు విషయంలో విచారణ గురువుకు ఉన్న హక్కే ఆయనకూ ఉంది. అంటే ఏడాదికి ఒక నెల వరకు అన్నమాట, వార్షిక వడకం (ఏకాంత ధ్యాన ప్రార్థన) రోజులు ఆ లెక్కలోకి రావు. 548 ప్రకారం ఆయన ఏ పని తలపెట్టినా విచారణ గురువుకు తెలియజేస్తూ ఉండాలి.

ఇంకొక విషయం సబ్‌స్టేషన్ల పెద్దలకు. 905వ నిబంధన ప్రకారం గురువు సాధారణంగా రోజుకు ఒక్క పూజే అర్పించాలి. గురువుల కొరత ఉంటే తగిన కారణంతో రెండు, ఆదివారాలలోనూ తప్పనిసరి పండుగలలోనూ అవసరాన్ని బట్టి మూడు వరకు మేత్రాణులు (బిషప్ గారు) అనుమతించవచ్చు. "కుర్రవాడు కదా, ఇంకో పూజ చెప్పలేరా" అని నాలుగో ఊరివారు పట్టుబట్టడం ఆయనను ఇబ్బందిలో పెట్టడమే.

పుత్తూరు_పాతకాపు
అందరూ గురువుకు మనం ఏమి చేయాలో చెబుతున్నారు. గురువు మనపట్ల ఎలా ఉండాలో కూడా ఎవరో ఒకరు చెప్పాలి. మాకు వచ్చిన యువ గురువు మొదటి నెలలోనే నలభై ఏళ్లుగా పాడుకుంటున్న పాటలు ఆపించి, గిటారు, కీబోర్డు, తెరమీద అక్షరాలు పెట్టించారు. కళ్లు సరిగా కనబడని మా అమ్మ ఆ పాటలు నోటికి వచ్చు కాబట్టే గుడిలో పాడగలిగేది. ఆ రోజు నుండి పెదవి కదపకుండా కూర్చుంటోంది. వచ్చిన గురువు ఒక ఏడాది ఏమీ మార్చకుండా చూస్తూ ఉండాలని నా గట్టి అభిప్రాయం.

చిత్తూరు_యువత
పాతకాపు గారూ, మీ అమ్మగారి విషయం బాధాకరమే, కానీ ఏడాది పాటు ఏమీ మార్చవద్దంటే నేను ఒప్పుకోను. మా విచారణలో పదో తరగతి దాటిన పిల్లలు గుడికి రావడం దాదాపు మానేశారు. కొత్త ఫాదర్ గారు సాయంత్రాలు వాళ్లతో వాలీబాల్ ఆడి, ఆట అయ్యాక పది నిమిషాలు సువార్త చదివించారు. ఆ పిల్లలే ఇప్పుడు పవిత్ర వారంలో గుడి కడుగుతున్నారు. ఆయన ఏడాది ఆగి ఉంటే ఇంకొక తరగతి పిల్లలు బయటికి వెళ్లిపోయేవారు.

పుత్తూరు_పాతకాపు
వాలీబాల్‌కు నేను వ్యతిరేకం కాదు. పాటలు మార్చే ముందు ఒక్కసారి మా అమ్మలాంటివారిని అడిగి ఉంటే చాలు అంటున్నాను. ఏడాది అన్న మాట వెనక్కి తీసుకుంటాను, అడగడం అన్న మాట మాత్రం తీసుకోను.

ఒక_విచారణ_గురువు
ఇరవై రెండేళ్లుగా గురువుగా ఉన్నాను, నా దగ్గర ఇప్పటివరకు ఐదుగురు సహాయ గురువులు పనిచేశారు. విచారణ గురువు వైపు నుండి కొన్ని మాటలు రాస్తాను.

మొదటి ఇద్దరి విషయంలో నేను తప్పు చేశాను. పని పంచి ఇచ్చాను, అన్నం బల్ల దగ్గర మాత్రం వారితో కూర్చోలేదు. నేను భోంచేసే సమయం వేరు, వారు తిరిగివచ్చే సమయం వేరు. ఒకే కప్పు కింద ఉంటూ ఇద్దరం రెండు సత్రాలలో ఉన్నట్టు బ్రతికాము. మూడో ఆయన వచ్చినప్పుడు రాత్రి భోజనం తప్పకుండా కలిసి తినాలని నియమం పెట్టుకున్నాను. ఆ అరగంటలో ఆ రోజు ఆయన వెళ్లిన ఇల్లు, తడబడిన ప్రసంగం, ఎవరో అన్న మాట, అన్నీ బయటికి వచ్చేవి. మొదటి ఇద్దరికీ ఆ అరగంట ఇవ్వలేకపోయానని ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆగస్టు 4న మనం పండుగ చేసుకునే పునీత జాన్ మరియ వియాన్నీ గారిని ఫ్రాన్సులోని ఆర్స్ అనే ఊరి గురువుగానే తలచుకుంటాము. 1815లో అభిషిక్తులైన తరువాత ఆర్స్‌కు వెళ్లే ముందు, ఎకుల్లీ అనే ఊళ్లో ఆయన బాలే అనే వృద్ధ గురువు దగ్గర సహాయ గురువుగా ఉన్నారు. చదువులో వెనకబడ్డారని ఆయనకు పాపసంకీర్తనం వినే అధికారం వెంటనే ఇవ్వలేదు. కొన్ని నెలలకు అది లభించినప్పుడు, మొదట ఆయన ముందు మోకరించి తన పాపాలు చెప్పుకున్నది ఆ బాలే గారే. తరువాతి కాలంలో ఆర్స్‌లో వేలాదిమంది ఎవరి ముందు వరుసకట్టారో, ఆ గురువును మొదట నమ్మినది ఒక ముసలి విచారణ గురువు. నాకు ఎంతో ఇష్టమైన విషయం ఇది.

ఇప్పుడు విశ్వాసులకు ఒక విన్నపం. కొత్త గురువు ప్రసంగం బాగుంటే ఆయనకు చెప్పండి, సంతోషిస్తారు. "పెద్ద ఫాదర్ గారి కన్నా మీరే బాగా చెప్పారు" అని మాత్రం చెప్పకండి. ఆ ఒక్క వాక్యం ఇద్దరి మధ్య గోడ కడుతుంది. నా దగ్గరకు వచ్చి "చిన్న ఫాదర్ గారికి ఇంకా తెలియదు" అనేవారు, ఆయన దగ్గరకు వెళ్లి "పెద్ద ఫాదర్ గారు పాతకాలం మనిషి" అనేవారు ఒక్కరేనని మాకు ఆ రాత్రి భోజనం బల్ల దగ్గర తెలిసేది.

నగరి_మగ్గం
ఫాదర్ గారూ, ఆ వాక్యం నేను మా విచారణలో కనీసం మూడుసార్లు అన్నాను. మంచి మాటే చెబుతున్నానని అనుకున్నాను. ఇకమీదట అనను.

రెండో_ఏడాది_గురువు
నేను అభిషిక్తుడనై ఏడాదిన్నర అయింది. ఈ చర్చ మొత్తం చదివాను.

సెమినరీలో పదేళ్లకు పైగా గంట కొడితే లేచి, గంట కొడితే తిని, ఎప్పుడూ పదులమంది సోదరుల మధ్య బ్రతుకుతాము. తత్వశాస్త్రం, ఒక ఏడాది విచారణ అనుభవం, నాలుగేళ్ల వేదాంతం, డీకనుగా (గురుపట్టానికి ముందు మెట్టు) కొన్ని నెలలు. ఇవన్నీ దాటి వచ్చాక, విచారణలో రాత్రి తొమ్మిది గంటలకు తలుపు వేసుకున్నప్పుడు ఉండే నిశ్శబ్దం గురించి మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేరు. పగలంతా నాలుగు వందలమంది "ఫాదర్, ఫాదర్" అని పిలుస్తారు, రాత్రికి పేరు పెట్టి పిలిచేవారు ఒక్కరూ ఉండరు.

మొదటి అవస్థాభ్యంగనం (జబ్బుతో ఉన్నవారికి తైలం పూసి చేసే ప్రార్థన) మరచిపోలేను. రాత్రి ఒంటి గంటకు తలుపు తట్టారు. వేలూరు ఆసుపత్రి నుండి "ఇక ఇంటికి తీసుకువెళ్లండి" అని పంపిన ఒక తండ్రి. నా చేతులు వణికాయి, తైలం సీసా మూత రాలేదు. ఆ ఇంటి పెద్దకూతురు నా చేతిలోనుండి సీసా తీసుకుని, మూత తీసి, మళ్లీ నా చేతిలో పెట్టింది. ఏమీ అనలేదు. ప్రార్థనలు పూర్తి చేశాను. తెల్లవారుజామున ఆయన కన్నుమూశారు. మూడో రోజు ఆమె గుడికి వచ్చి, "మీరు వచ్చేదాకా నాన్న ఎదురుచూశాడు ఫాదర్" అంది. నన్ను గురువుగా స్వీకరించారన్నది ఆ రోజు నాకు అర్థమైంది, ఊరేగింపు రోజు కాదు.

మీరు చేయగలిగినవి కొన్ని చెబుతాను. చేతిలో నోట్లు కుక్కవద్దు. పూజ కానుక అయితే ఎవరి ఉద్దేశం కోసమో చెప్పి, పుస్తకంలో రాయించండి. విచారణకు అయితే రసీదు తీసుకోండి. నాకే వ్యక్తిగతంగా ఇస్తున్నట్టయితే ఆ మాట విడిగా చెప్పండి. మొదటి నెలల్లో ఈ మూడూ కలిసిపోయి నేను పడిన ఆందోళన మాటల్లో చెప్పలేను. వారానికి ఒక పూట విశ్రాంతి ఉంటే, ఆ పూట చావుబ్రతుకుల విషయానికి తప్ప ఫోను చేయకండి. నాతోపాటు అభిషిక్తులైన సోదరులను కలవడానికి నెలకొకసారి బయలుదేరితే "ఫాదర్ ఊళ్లు తిరుగుతున్నారు" అనుకోకండి.

మదనపల్లె_మఠకన్య
చిన్న ఫాదర్ గారు రాసిన ఒంటరితనం నిజమే. అయితే దాన్ని తీర్చే పేరుతో ఒకే కుటుంబం ఆయనను సొంతం చేసుకోవడం నేను రెండు విచారణల్లో చూశాను. రోజూ ఆ ఇంటి కారే, ఆ ఇంటి భోజనమే. ఆరు నెలలకు మిగిలినవారంతా దూరమయ్యారు, ఆయన మీద అనవసరమైన మాటలు పుట్టాయి. వార్డుల వారీగా వంతులు వేసుకోండి. ఇళ్ల సందర్శనకు ఉపదేశినో సంఘ సభ్యులనో తోడు పంపండి. ఇది అనుమానంతో చెప్పే మాట కాదు, ఆయన పేరు కాపాడే పద్ధతి. ఒంటరితనానికి అసలైన మందు తోటి గురువులే. పెద్ద గురువులు చిన్నవారిని సోదరులుగా స్వీకరించి మొదటి పనుల్లో తోడుండాలని 1965లోనే రెండవ వాటికన్ మహాసభ గురువుల గురించిన పత్రంలో చెప్పింది.

మామిడిమండి_దామలచెరువు
సిస్టర్ గారు చెప్పిన వంతుల పద్ధతి బాగుంది, కానీ వంతు వచ్చిన పేద ఇంటివారు అప్పు చేసి కోడికూర వండుతారు. వాళ్లు తినేదే పెట్టమని గురువే గుడిలో చెప్పాలి. మా ఫాదర్ గారు మొదటి ఇంట్లోనే రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి అడిగి తిన్నారు. ఆ తరువాత ఎవరూ అప్పు చేయలేదు.

విచారణ_కార్యదర్శి
అందరి మాటలూ కాగితం మీద రాసుకుని నిన్న సాయంత్రం సంఘం ముందు చదివాను. ఇంటిపేరు విషయం చదివినప్పుడు గదిలో ఎవరూ తల ఎత్తలేదు. చివరికి మా సంఘం పెద్దాయన, ఆ ప్రశ్న ఎవరైనా అడిగితే తానే లేచి ఆపుతానని అందరి ముందు అన్నారు. ఆయన నోటి నుండి ఆ మాట వస్తుందని నేను అనుకోలేదు.

తప్పెట్లు ఉంటాయి, మామిడిమండి గారు సంతోషించవచ్చు. ఫ్లెక్సీ ఒక్కటే, దానిమీద గురువు పేరు, స్వాగతం అన్న మాట తప్ప ఇంకెవరి ఫొటోలూ ఉండవు. మిగిలిన డబ్బుతో గదికి ఫ్యాను, నీళ్ల ఫిల్టరు, దోమతెర కొంటున్నాము. ఆదివారం సబ్‌స్టేషన్ల నుండి ఆయన వచ్చేదాకా వంటామె ఉండేలా ఆమె జీతం పెంచాము, ఆమె కూడా ఇంటికి ఆలస్యంగా వెళ్లవలసిన మనిషి కదా. మొదటి నెల ఉపదేశి గారు ఆయనను అన్ని ఇళ్లకు తీసుకువెళతారు. రాత్రి భోజనం గురించి మా విచారణ గురువులను అడగడానికి మాకు సంకోచంగా ఉండి, ఇక్కడ పెద్ద ఫాదర్ గారు రాసినదాన్ని ఆయనకు చదివి వినిపించాము. నవ్వి, "సరే" అన్నారు.

మూడేళ్ల క్రితం వెళ్లిపోయిన గురువుకు కూడా నిన్న రాత్రి ఫోను చేసి క్షమాపణ అడిగాను. ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నారు, ఇంకొక విచారణలో పనిచేస్తున్నారు. మా ఊరి పిల్లల పేర్లు ఒక్కొక్కటిగా చెప్పి ఎలా ఉన్నారని అడిగారు.

గురువుగారి_అమ్మ
చాలా సంతోషం. ఒక్కటి అడుగుతాను. స్వాగతం రోజుకు ఆ బిడ్డ తల్లిదండ్రులను పిలిచారా? మమ్మల్ని అప్పుడు ఎవరూ పిలవలేదు. వాడు ఉండబోయే గదిని నేను రెండేళ్ల తరువాత చూశాను.

విచారణ_కార్యదర్శి
లేదమ్మా, ఎవరికీ తట్టలేదు. వాళ్ల నంబరు విచారణ గురువుల దగ్గర ఉంటుంది. ఇప్పుడే వెళ్లి తీసుకుంటాను.